నూగాకు కషాయం

పోయిన నెల మా మనవరాలు మన్నెగూడ దగ్గర సాగర్ రోడ్డు పక్కనున్న నర్సరీ నుంచి నాలుగు కుండీలు తెచ్చింది. కొత్త ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి దానికి మొక్కల పిచ్చి పట్టుకుంది. పెరడంటే మా కాలం పెరడు కాదు, వంటింటి వెనక రెండు మంచాలు పట్టేంత జాగా. అందులోనే పుదీనా, మెంతి, ఫోనులో బొమ్మలు చూసి తెప్పించుకునే పేరు తెలియని ఆకులు. అవి సగం బతుకుతాయి, సగం దాని ప్రేమ ఎక్కువై కుళ్ళిపోతాయి. పొద్దున నీళ్ళు, సాయంత్రం నీళ్ళు, నడుమ అనుమానం వచ్చినప్పుడల్లా నీళ్ళు. ఆ రోజు ఒక కుండీ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "అమ్మమ్మా, దీన్ని సేజ్ అంటరట. నెయ్యిల ఏంచుకొని తింటే మస్తుంటదట. జర వాసన చూడు" అంది. నాకు తొంభై రెండేళ్ళు. కళ్ళు ఆనవు గాని వేళ్ళు ఇంకా పనిచేస్తాయి. ఆకు పట్టుకున్నాను. పొడుగ్గా, కుక్కపిల్ల చెవిలా మెత్తగా, నూగు నూగుగా ఉంది. గోటితో గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

తర్వాత ఏం జరిగిందో మనవరాలే చెప్పాలి. కుండీ నా ఒళ్ళోంచి జారి పగిలిందట. నేను రెండు చేతులూ రొమ్ముల మీద అదుముకుని కూర్చుండిపోయానట. నాకు తెలిసింది ఒక్కటే. ఎప్పుడో ఎండిపోయిన పాలు ఆ వాసనకు ఒక్కసారి చేపుకొచ్చినట్టు సలుపు. "ఏమైంది అమ్మమ్మా? పురుగు కుట్టిందా? దవాఖానకు పోదామా?" అని అది ఒకటే గాబరా. ముప్ఫై ఏళ్ళు బడిలో పంతులమ్మగా చేశాను. ఎంతమంది పిల్లలకు ఎన్ని కథలు చెప్పానో లెక్కలేదు. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ పూట దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. విని, కాగితాలు తెచ్చుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది.

నేను ఇబ్రహీంపట్నంలో ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్ళు. మామ అంతకు ముందే పోయాడు. ఇంట్లో అత్త, ఇద్దరు కొడుకులు. పెద్దాయన మా బావ. భార్య పురిట్లో పోతే మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. సేద్యమంతా ఆయన చేతి మీదే నడిచేది. చిన్నాయన నా పెనిమిటి. ఆయనకు అప్పటికే కమ్యూనిస్టుల సంఘం గాలి సోకింది. పొలానికని బయలుదేరి మీటింగులో తేలేవాడు. అత్తకు నలభై ఏళ్ళుంటాయేమో. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం చెరువు కట్ట మీదికి వినపడేది. ఆమెకు లోకంలో ఇష్టమైనవి రెండే, పెరడు, పక్కింటి బీబమ్మ.

బీబమ్మ అంటే హకీము గారి భార్య. యునానీ మందులిచ్చే హకీము గారిల్లు, మా ఇల్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. పెరళ్ళ మధ్య రొమ్ములెత్తు మట్టిగోడ. ఆ గోడకు అటు ఆవిడ, ఇటు మా అత్త. అన్నం ఉడికిందాకా ముచ్చట, కూర మాడిందాకా ముచ్చట. ఆ గోడ పాదునే ఈ మొక్క ఉండేది. హకీము గారు పట్నం నుంచి తెచ్చి తమ పెరట్లో పెట్టుకుంటే, బీబమ్మ చలికాలంలో రెండు కొమ్మలు తుంచి, తడి ఇసుకలో వేరు పట్టించి మా అత్తకిచ్చింది. దానికి హకీము గారు చెప్పే పేరు మా ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఆకంతా సన్నటి నూగు కాబట్టి మా అత్త నూగాకు అని పేరు పెట్టేసింది. కొన్నాళ్ళకు హకీము గారు కూడా అట్లాగే పిలవడం మొదలుపెట్టారు.

ఆ మొక్కను పెంచడం మామూలు సంగతి కాదు. మా నల్లరేగడి దానికి పడదు. అత్త పాదు తవ్వి మట్టి తీసేసి, వాగు ఇసుక పోసి, పాత గోడ నుంచి రాలిన సున్నపు పెచ్చులు దంచి కలిపింది. పొద్దుటెండ తగలాలి, పడమటెండ తగలకూడదు. వానాకాలం వస్తే పైన తాటాకు పందిరి. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి పొడిగా ఉంటేనే నీళ్ళు. ఊదా పూలు రాగానే తుంచెయ్యాలి, లేకపోతే ఆకు చేదెక్కుతుంది. "గిది నవాబు బిడ్డ అక్కా. నీళ్ళు ఎక్కువైనా అలుగుతది, ఎండ ఎక్కువైనా అలుగుతది" అనేది బీబమ్మ. "గట్లాంటి దాన్ని సేద్యం జేసుకునేటోళ్ళ ఇంటికెందుకు ఇచ్చినవే? మాకు ఏ గోంగూర బిడ్డనో ఇయ్యకపోయినవ్" అనేది మా అత్త. అంటూనే దాని చుట్టూ రోజుకు పదిసార్లు తిరిగేది. గొంతు నొప్పికి ఆ ఆకు ఉడికించి ఉప్పేసి పుక్కిలించేవాళ్ళం. పడిశానికి ఆవిరి పట్టేవాళ్ళం. వాళ్ళింట్లో కైమాలో వేసేవాళ్ళు. మా అత్త నెయ్యిలో కరకరలాడేలా వేయించి జొన్నరొట్టెతో పెట్టేది. ఒకసారి శనగపిండిలో ముంచి బజ్జీలు వేస్తే, మందును బజ్జీలు చేసిన మొదటి మనిషివి నువ్వే అని హకీము గారు గోడ అవతలి నుంచి నవ్వారు. నవ్వుతూనే ఆరు బజ్జీలు తిన్నారు. ఒక్క మాట మాత్రం ఆయన ప్రతిసారీ చెప్పేవారు. పాలిచ్చే తల్లి ఆ ఆకు ముట్టకూడదు. పాలు ఎండగడుతుంది.

నేను వచ్చిన రెండో ఏటికి రజాకార్ల రోజులొచ్చాయి. ఖాకీ బట్టలేసుకుని, బర్మారు తుపాకులు పట్టుకుని ఊళ్ళ మీద పడేవాళ్ళు. మా ఆయన సంఘంలో ఉన్నాడని ఎవరో చెప్పారు. వాళ్ళొచ్చేసరికి ఆయన రాచకొండ గుట్టల్లోకి వెళ్ళిపోయాడు. దొరికింది మా బావ. నడిబజార్లో బండి చక్రానికి కట్టేసి, తమ్ముడెక్కడని అడుగుతూ కొట్టారు. ఆయన చెప్పలేదు. వీపు మీద తోలు లేకుండా ఇంటికి మోసుకొచ్చారు. ఇరవై రోజులు హకీము గారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి తన చేత్తో లేపనం రాశారు. బావ బోర్లా పడుకుని పళ్ళు బిగించుకునేవాడు. "నా మతంపోళ్ళు చేసిన పాపం కొడుకా, నేను తుడుస్తున్న" అన్నారొకసారి హకీము గారు. లేచి తిరగగలిగినప్పుడు బావ వెళ్ళి ఆయన కాళ్ళు ముట్టి వచ్చాడు. నేను చూశాను. అందుకే చెబుతున్నాను.

అప్పటికి నాకు నెలలు నిండుతున్నాయి. మా పుట్టింటివాళ్ళది నల్గొండ వైపు. బాటలు బాగాలేవని పురుడు అత్తింట్లోనే పోశారు. అటు హకీము గారి బిడ్డ కూడా కాన్పుకు వచ్చి ఉంది. ఆమెకు ఆడపిల్ల పుట్టి అప్పటికి రెండు నెలలు. ఆమె భర్తకు పట్నంలో నౌకరీ. నాకూ ఆడపిల్లే పుట్టింది. రెండో రోజుకు పసుపు పచ్చగా అయింది. మూడో రోజుకు పాలు తాగడం మానేసింది. హకీము గారు చెయ్యగలిగిందంతా చేశారు. నాలుగో రోజు పొద్దున నా పక్కలోనే చల్లబడిపోయింది. బావ పాత ధోవతిలో చుట్టుకుని, ఎవరినీ పిలవకుండా, చేను గట్టున పాతిపెట్టి వచ్చాడు. వచ్చి, గడప బయట నిలబడి, "ఏడ్వకు పిల్లా" అన్నాడు. అనేటప్పుడు ఆయనే ఏడుస్తున్నాడు.

ఆ రోజే తల మీద విమానాలు పోయాయి. యూనియన్ మిలట్రీ వస్తోందన్నారు. ఇంకొకరోజు గడవకముందే నిజాం లొంగిపోయాడన్నారు. బజార్లో కేకలు, డప్పులు. నాకవేవీ పట్టలేదు. బిడ్డ పోయింది గాని ఆ సంగతి పాలకు తెలియదు గదా. రొమ్ములు రాళ్ళయిపోయాయి. జ్వరం. గోడ దగ్గరికొచ్చి హకీము గారు మా అత్తకు చెప్పారు: "అయిదు ఆకులు, గిన్నెడు నీళ్ళు, సగమయ్యేదాంక కాగనియ్యి. దినానికి మూడుసార్లు. నాలుగు దినాలల్ల పాలు ఎండుతయి. బిడ్డకు ఆరాం అయితది." అవే ఆయన మాతో మాట్లాడిన చివరి మాటలు. ఎంత మామూలుగా చెప్పారో.

మర్నాడు పొద్దెక్కాక అత్త కషాయం కాచింది. ఇల్లంతా ఈ వాసనే. చిన్న ఇత్తడి గ్లాసులో పోసి, చల్లార్చి, నా తల పట్టుకుని నోటి దగ్గర పెట్టింది. పెదవులకు తగిలింది గూడా. అంతలో అరుపులు వినపడ్డాయి. ముందు మా వీధి చివర, తర్వాత దగ్గరగా, తర్వాత గోడ అవతలే. తలుపులు విరుగుతున్న చప్పుడు. అత్త గ్లాసు పట్టుకునే పెరట్లోకి పరుగెత్తింది. నేను మంచం పట్టె పట్టుకుని లేచి, తలుపు దాకా వెళ్ళాను. గోడ మీద బీబమ్మ మొహం కనిపించింది. తల మీద దుపట్టా లేదు. ఆమెను తల మీద దుపట్టా లేకుండా నేనెన్నడూ చూడలేదు. చేతులు పైకెత్తింది. చేతుల్లో పసిపిల్ల. "అక్కా, పట్టుకో" అంది. అంతే. మా అత్త చేతిలో గ్లాసు పారేసి పిల్లను అందుకుంది. "నువ్వు గూడ దుంకు. దుంకవే" అని అరిచింది. "లోపట నా బిడ్డుంది" అని బీబమ్మ వెనక్కి వెళ్ళిపోయింది.

అత్త లోపలికొచ్చి పిల్లను నా ఒళ్ళో వేసింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నా రవిక దానంతటదే తడిసిపోయింది. నాకప్పుడు ఏం తోచిందో చెప్పాలంటే, ఏమీ తోచలేదు. దుఃఖం కాదు, జాలి కాదు. కొయ్యలా ఉన్నాను. నా చేతులే పిల్లను పట్టుకున్నాయి. రెండు రోజుల నుంచి ముట్టుకుంటే ప్రాణం పోయే నొప్పి, ఒక్క గుటకతో సడలింది. గోడ అవతల మనుషులను కొడుతున్నారు. ఇవతల నా ఒంట్లో సుఖం. ఆ రెండూ ఒకే నిమిషంలో ఉన్నాయి.

పిల్ల మళ్ళీ ఏడ్చింది. అప్పటికే వాళ్ళు మా ఇంటి ముందుకొచ్చారు. పదిమందో పన్నెండు మందో. కర్రలు, గొడ్డళ్ళు. సగం మంది పక్క ఊళ్ళవాళ్ళు, సగం మంది నాకు తెలిసినవాళ్ళు. రజాకార్లు దొరక్కుండా పారిపోయారు. వాళ్ళ మీద కసి మాత్రం ఊళ్ళోనే మిగిలిపోయింది. తలుపు సందులోంచి చూశాను. గుంపు ముందు మా బావ. ఆయన చంకలో హకీము గారు మందులు నూరే ఇత్తడి కల్వం. ఆ వస్తువును నేను వెయ్యిసార్లు చూశాను. దానిలో నూరిన లేపనమే హకీము గారు బావ వీపుకు రాశారు. దాన్ని బావ చంకలో చూసినప్పుడు, ఆయన దొంగతనం చేశాడని గాని, హకీము గారికి ఏదో అయిందని గాని నాకు తట్టలేదు. హకీము గారు ఎందుకిచ్చారబ్బా అనుకున్నాను. మనసు అంత తొందరగా నమ్మదు.

"ఎవలదా ఏడ్పు? గోడ దుంకి వచ్చిన్రా ఎవలన్న?" అన్నాడు వాళ్ళలో ఒకడు.

మా అత్త గడపకు అడ్డంగా నిలబడింది. "నా మనుమరాలు" అంది.

"మొన్న సచ్చిపోయె గద. చేను గట్టుకు పాతిపెట్టిండని అందరికెరుకే. నువ్వే గదనే పాతింది?" అని వాడు బావ వైపు తిరిగాడు.

పిల్ల ఏడుస్తూనే ఉంది. నేను నా చెంగు దాని నోట్లో కుక్కుదామా అనుకున్నాను. అనుకున్నాను, అబద్ధమెందుకు. బావ తల్లి మొహంలోకి చూశాడు. తలుపు సందులోకి చూశాడు. నన్ను చూశాడని నాకు తెలుసు.

"కవలలు పుట్టిన్రు" అన్నాడు. "ఒకదాన్ని పాతిన. ఇంకొకటి బతికింది. బాలింతుండే ఇల్లు, పోండ్రి."

వాళ్ళు వెళ్ళిపోయారు. బావ లోపలికి రాబోయాడు. అత్త జరగలేదు. ఆయన చంకలోని కల్వం వైపు చూసింది. "హకీము సాబు ఏడి?" అంది. బావ తల వంచుకున్నాడు. "నేను కొట్టలే అవ్వా. నేనసలు చెయ్యెత్తలే. నిలబడ్డ, అంతే" అన్నాడు.

"నీ వీపు పచ్చిగున్నప్పుడు గాయిన గూడ గట్లనే నిలబడి సూసిండా?" అంది అత్త. అరవలేదు. ఊరంతా వినపడే ఆ గొంతు గుసగుసలా అయిపోయింది. "అది ఇంట్లకు రానియ్య. నిన్ను రానియ్య. పో. గుంత తవ్వు."

కొడుకుతో ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు బతికింది. ఒక్కనాడూ ఆయనతో మాట్లాడలేదు.

బావ కల్వాన్ని గడప అవతల దింపి వెళ్ళాడు. ఎండలో ఒక్కడే హకీము గారికి గొయ్యి తవ్వాడు. నమాజు చదివేవాడు ఊళ్ళో మిగల్లేదు. మర్నాడు మిలట్రీ వాళ్ళు వచ్చి, హకీము గారింటి చేదబావిలోంచి ఆయన బిడ్డను తీశారు. గోడ అవతలి నుంచి గిలక చప్పుడు వినపడింది. ఆమె ఇరవై ఏళ్ళ మనిషి. గోడ మీద మోచేతులు పెట్టుకుని నాకు సీమంతం పాటలు నేర్పమనేది. బావ రెండో గొయ్యి తవ్వాడు. బీబమ్మ మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆ పొద్దే మా అత్త కొడవలి తీసుకుని పెరట్లోకి వెళ్ళి, ఆరేళ్ళు కంటికి రెప్పలా పెంచిన నూగాకును వేళ్ళతో సహా పెళ్ళగించింది. ఒక్క ఆకు కూడా మిగలకుండా ఏరి పొయ్యిలో వేసింది. "పొరపాటున ఒక్కటి నీ కడుపులకు పోయినా పిల్ల సస్తది" అంది. ఇల్లంతా ఆ పొగ. నేను కొంగుతో పిల్ల ముక్కు మూశాను.

ఊళ్ళో ఆడవాళ్ళు బాలింతను చూడ్డానికి వచ్చారు. వారం పిల్ల అన్న పిల్ల, ఒత్తుగా జుట్టుతో, బుగ్గలతో, వాళ్ళను చూసి బోసినవ్వు నవ్వింది. ఒక ముసలమ్మ బుగ్గ నొక్కుకుని, "ఏడు దినాలకే నవ్వుతున్నదమ్మా, గడుసుది" అంది. ఇంకొకామె, "వాళ్ళ తాత పోలిక" అంది. ఏ తాతో చెప్పలేదు. అందరికీ తెలుసు. ఒక్కరి నోరూ జారలేదు. మగవాళ్ళకు ఎప్పుడు తెలిసిందో, అసలు తెలిసిందో లేదో నేనెరగను.

రెండు నెలలకు మా ఆయన వచ్చాడు. అప్పటికి మిలట్రీ సంఘం వాళ్ళ కోసం గుట్టలు గాలిస్తోంది. పట్టపగలు, నెత్తిన గడ్డిమోపుతో, కూలివాడిలా ఇంట్లోకొచ్చాడు. మోపు దింపీ దింపకముందే పిల్లను ఎత్తుకున్నాడు. దారిలో ఎవరో చెప్పారట, నీకు కవలలు పుడితే ఒకటి దక్కిందని. "అంత నా పోలికే గదా" అని ముద్దులాడుతున్నాడు. గడ్డం మాసి ఉంది, మొహం వెలిగిపోతోంది. అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆయన నిలబడ్డచోటే కింద కూర్చున్నాడు. పిల్లను మాత్రం వదల్లేదు. అది ఆయన గడ్డం పీకుతోంది. "మన బిడ్డ ఎట్లుండె?" అని అడిగాడు. అప్పటిదాకా నన్నా మాట ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. "నీ తీరు చెవులు" అన్నాను. ఆయన ఒక చెవి పట్టుకుని చూసుకున్నాడు. పొద్దుగూకకముందే వెళ్ళిపోయాడు. ఆరు వారాలకు పట్టుబడ్డాడు. జైల్లో రెండేళ్ళు.

చలి తగ్గుతుండగా ఒక మధ్యాహ్నం మా గడపలో నల్ల బురఖా మనిషి నిలబడింది. ముసుగు తీసేదాకా నేను గుర్తుపట్టలేదు. బీబమ్మ. నాలుగు నెలల్లో జుట్టంతా తెల్లబడింది. ఆ రోజు జొన్నకట్టె వాములో దూరి ప్రాణం దక్కించుకుందట. నడుచుకుంటూ పట్నం చేరి అల్లుడిని వెతికితే, ఆ గొడవల్లో అతనూ ఏమయ్యాడో తెలియలేదట. మా అత్తా ఆమే ఒకరినొకరు పట్టుకోలేదు, ఏడవలేదు. ఎదురెదురుగా కూర్చున్నారు. పిల్ల నా ఒళ్ళో పాలు తాగుతోంది. నేను చెంగు కప్పేసుకున్నాను. ఇయ్యనని అరవాలనిపించింది. ఎవరి బిడ్డని నేను ఇయ్యననడానికి?

"బిడ్డ నీది. పాలు దీనియి. ఏం జేద్దామో నువ్వే చెప్పు" అంది మా అత్త.

బీబమ్మ నన్నే చూసింది. "పాలు మానేదాంక నేనీడనే ఉంట. జర జాగ ఇస్తవా?" అంది. తర్వాత గోడ పాదు వైపు చూసి, "ఆకేది?" అంది. "పీకేసిన" అంది అత్త. బీబమ్మకు అర్థమైంది. "మంచిగ జేసినవ్ అక్కా" అని, అప్పుడు ఏడ్చింది.

బావ అప్పటికే పొలం దగ్గర గుడిసె వేసుకుని అక్కడే ఉంటున్నాడు. ఆమె వచ్చిందని తెలిసి మర్నాడు వచ్చాడు. గడప అవతల అన్ని నెలలుగా మంచుకూ దుమ్ముకూ నల్లబడి పడున్న కల్వాన్ని చింతపండుతో తోమి, రోకలితో సహా ఆమె ముందు పెట్టి, నేల మీద తల ఆనించాడు. బీబమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"అది నాది గాదు కొడుకా" అంది. "గాయినది. పోయి గాయినకియ్యి."

కొడుకా అంది. ఆ పిలుపు వినగానే బావ మొహం ఎట్లా అయిందో నేను వర్ణించలేను. చక్రానికి కట్టి కొట్టిన నాడు కూడా ఆయన మొహం అట్లా లేదు. కల్వం పట్టుకుని వెళ్ళి హకీము గారి తలాపున గొయ్యి తీసి పూడ్చి వచ్చాడట. తర్వాత ఏటేటా ఆ రెండు గోరీల మీద గడ్డి కోసి, మట్టి సర్దేవాడు. చచ్చేదాకా చేశాడు. అది చూసి కూడా మా అత్త కరగలేదు. నేనొకసారి ధైర్యం చేసి, "పిల్లను కాపాడింది గూడ బావనే గద అత్తమ్మా" అన్నాను. "అవ్" అంది. "నోరు తెరిస్తే ఒక పానం నిలబడ్తదని వానికెరుకే. మరి ఆడ ఎందుకు తెరవలే?" కవలలు అన్నదీ ఆయనే, నిలబడి చూసిందీ ఆయనే, ఒకే పొద్దున. వాటిలో ఏది నిజమైన మనిషో తేల్చుకుందామని చాలా ఏళ్ళు చూశాను. రెండూ ఆయనే. అది ఒప్పుకోవడమే కష్టమైంది.

బీబమ్మ మా ఇంట్లో పద్నాలుగు నెలలుంది. పెరటి మూల తన పొయ్యి తను వేసుకుంది. మా అత్తకూ ఆమెకూ కూరల్లో ఉప్పు దగ్గర మళ్ళీ పోట్లాటలు మొదలయ్యాయి. అవి విని నాకు కొంచెం ప్రాణం లేచొచ్చేది. పిల్ల నన్ను అమ్మా అనేది, ఆమెను నానీ అనేది. ఖాళీగా ఉండలేక బీబమ్మ నాకు అక్షరాలు నేర్పింది, ముందు ఉర్దూ. ఆ అక్షరాల మీద తర్వాత తెలుగు నేర్చుకుని, మా ఆయన జైలు నుంచి వచ్చాక బళ్ళో చేరి చదువుకుని, తర్వాత పంతులమ్మనయ్యాను. పిల్లకు ఏడాదిన్నర నిండింది. గ్లాసుతో పాలు, చేత్తో రొట్టె తినడం వచ్చింది. ఒక పొద్దున వాళ్ళను పట్నం తీసుకుపోయే బండి వచ్చింది. నేను దాన్ని బీబమ్మ ఒళ్ళో దింపి, వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చేశాను. అది ఏడ్చిందో నవ్విందో చూడలేదు. ఇప్పుడనిపిస్తుంది, చూడాల్సింది.

రెండేళ్ళ తర్వాత పట్నం నుంచి వచ్చిన ఒక బట్టల వ్యాపారి, పిల్ల బాగుంది, బడికి వేస్తారట అని కబురు తెచ్చాడు. తర్వాత ఏమీ తెలియలేదు. నాకు మళ్ళీ ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురికీ పాలిచ్చాను, ముగ్గురూ పెద్దవాళ్ళై, ముసలివాళ్ళవుతున్నారు. ఆమె ఎక్కడైనా ఉంటే ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళ పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులుంటాయి, మనవలుంటారు. నేనెవరో ఆమెకు తెలిసి ఉండదు. నాకు మాత్రం ఆమె ఏడాదిన్నర దాటలేదు. కాలం అందర్నీ ముందుకు తీసుకుపోతుందంటారు. ఒళ్ళోంచి దింపిన వాళ్ళను మాత్రం, దింపిన చోటనే వదిలిపోతుంది.